వెబ్ పేజీకి పేరు చీటీ

హాస్టల్లో చేరిన రోజున ట్రంకు పెట్టె మీద పేరు, తరగతి, ఊరు రంగుతో రాయించుకోవడం తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు గుర్తుండే ఉంటుంది. పెట్టె తెరవకుండానే అది ఎవరిదో వార్డెను గారికి తెలిసిపోతుంది. వెబ్ పేజీకి కూడా అలాంటి రాత ఒకటి ఉంది. దానిని స్ట్రక్చర్డ్ డేటా మార్కప్ అంటారు. పీజీలో మేము చదివిన వాటిలో మా ఇంటికి నేరుగా పనికొచ్చేది ఇదే.

మా అమ్మకు చదువు రాదు. గూగుల్‌లో 2017 నుండి తెలుగులో మాట్లాడి వెతకవచ్చు గనుక, మైకు బొమ్మ నొక్కి తనే అడుగుతుంది. కాఫీ పళ్ళు కోసి, గింజలు ఎండబెట్టిన రోజుల్లో "అరకు కాఫీ కిలో ఎంత?" అని అడిగింది. ఫోను చెప్పిన ధర పట్టుకుని సంతలో వ్యాపారితో తగువు పెట్టుకుంది. తీరా అది పట్నంలో అమ్మే పొడి ప్యాకెట్టు ధర! అందరూ నవ్వారు. అమ్మ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

అసలు అరకు అంటే ఏది? లోయా, మండలమా, పార్లమెంటు నియోజకవర్గమా, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీయా? మనిషికి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. యంత్రానికి విడమరిచి చెప్పాలి. అందుకోసం గూగుల్, బింగ్, యాహూ 2011 జూన్‌లో స్కీమా డాట్ ఆర్గ్ పేరుతో ఉమ్మడి పదకోశం తెచ్చాయి. చూడదగ్గ చోటయితే 'టూరిస్ట్ అట్రాక్షన్', సరుకయితే 'ప్రోడక్ట్'. ధరకు 'ప్రైస్', అది ఎంతవరకు చెల్లుతుందో చెప్పడానికి 'ప్రైస్ వ్యాలిడ్ అన్‌టిల్'. జేసన్ ఎల్‌డీ అనే పద్ధతిలో రాసే ఈ చీటీ చదువరికి కనబడదు, సెర్చ్ ఇంజన్‌కు కనబడుతుంది. పొడి అమ్మే దుకాణాలు దీనిని శ్రద్ధగా రాసుకుంటాయి. రైతు దగ్గర కొనే ధర మాత్రం మా ఊళ్ళో ఫోటో తీసిన కాగితంగా వాట్సాప్‌లో తిరుగుతుంది. ఏ పెట్టె మీద పేరుంటే ఫోను ఆ పెట్టెనే తెస్తుంది కదా!

రాసి వదిలేస్తే కూడా చిక్కే. అరకులోయ, బొర్రా గుహలున్న అనంతగిరి మండలం 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. పేజీలో జిల్లా పేరు మార్చి చీటీలో విశాఖపట్నం అనే ఉంచేస్తే, పైకి ఒకటి లోపల ఒకటి అవుతుంది. కనబడని దాన్ని చీటీలో రాయకూడదని గూగుల్ నిబంధన. చీటీ ఉన్నంత మాత్రాన మన పేజీయే వినిపిస్తుందన్న హామీ కూడా లేదు. అందుచేత పేజీలో జవాబు కూడా జనం అడిగే మాటల్లోనే ఉండాలి. "కొనుగోలు ధరల వివరములు" అని ఎవరూ ఫోనును అడగరు.

సెలవుల్లో మా ఊరి కాఫీ కోసం మేమొక పేజీ తయారు చేశాము. తనిఖీ చేసే 'రిచ్ రిజల్ట్స్ టెస్ట్'లో ఒక్క కామా లేదని తప్పు చూపించింది, దాన్ని వెతకడానికి పూటంతా పట్టింది! ధర పక్కన "ఎండబెట్టిన గింజలు, కిలోకు" అని రాసి, తేదీ వేశాము. మా నాయనమ్మది కువి భాష, అది ఫోనుకు రాదు. ఆవిడ అడిగేది అమ్మ తెలుగులో చెప్పి అడుగుతోంది.