ముస్తఫా ఇంకా బతికే ఉన్నాడా? రూపాయి బిళ్ల గేమ్ షాపు నుంచి మాల్ గేమ్ జోన్ దాకా

"క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్" ఆడావా అని మా పెదకాకానిలో నా వయసువాళ్లని అడిగితే, అదేం గేమ్ అంటారు. "ముస్తఫా ఆడావా?" అని అడిగి చూడండి. ఏ స్టేజ్‌లో ఏ బాస్ వస్తాడో, కారు ఏ స్టేజ్‌లో దొరుకుతుందో, ఏ డబ్బా పగలగొడితే తిండి వస్తుందో వరసపెట్టి చెప్పేస్తారు. రెండూ ఒకటే గేమ్.

1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ దీన్ని ఆర్కేడ్ మెషీన్ల కోసం తయారు చేసింది. మార్క్ షుల్జ్ గీసిన "జెనోజోయిక్ టేల్స్" అనే అమెరికన్ కామిక్ దీనికి ఆధారం. ఇందులో జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అని నలుగురు ఉంటారు. కథ ప్రకారం హీరో జాక్. కానీ మన దేశంలో చాలా ఊళ్లలో జనం పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నే ముస్తఫానే హీరోగా ఎంచుకున్నారు. చివరికి గేమ్‌కే ఆ పేరు ఖాయమైపోయింది.

ఆ మెషీన్లు ఇప్పుడు మా ఊళ్లో లేవు. గుంటూరులో కూడా అలాంటి షాపు నా కంటపడి చాలా ఏళ్లయింది. మరి ఆర్కేడ్ పూర్తిగా పోయినట్టేనా? పోలేదు, రూపం మార్చుకుంది. ఆ మార్పులో మనకి ఏం మిగిలింది, ఏం పోయింది అన్నదే ఈ ఆర్టికల్.

రూపాయికి ఎంతసేపు?

ఇప్పటి పిల్లలకి ముందు ఈ లెక్క చెప్పాలి. మా ఊరి షాపులో ఒక కాయిన్ రూపాయి. ఆ రూపాయికి ఎంతసేపు ఆడొచ్చు అంటే, మీకు ఎంత ఆట వస్తే అంతసేపు. కొత్తవాడు రెండు నిమిషాల్లో అవుట్. బాగా వచ్చినవాడు ఎనిమిది స్టేజ్‌లూ దాటి గేమ్ ముగించేదాకా అదే కాయిన్ మీద నిలబడేవాడు.

అంటే అక్కడ సమయాన్ని డబ్బుతో కాదు, ఆటతో కొనుక్కునేవాళ్లం. పత్తి తీతకి వెళ్లే ఇంటి కుర్రాడైనా, మిల్లు ఓనరు గారబ్బాయైనా మెషీన్‌కి తేడా తెలియదు. పైగా చూడ్డం ఫ్రీ. జేబులో కాయిన్ లేని రోజు వెనకాల నిలబడి, ఆడేవాడి చేతుల్ని చూసి నేర్చుకునేవాళ్లం. ఇది మాకు యూట్యూబ్ రాకముందు ఉన్న గేమ్‌ప్లే వీడియో అన్నమాట. మిరపకోతల రోజుల్లో కూలి డబ్బులు చేతికొచ్చే సాయంత్రాల్లో అయితే షాపులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

ఒక రూపాయితో గంట ఆడేస్తే ఓనరుకి నష్టం కదా? ఆయన్ని మేం బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఇప్పుడు ఆయన మొబైల్ యాక్సెసరీస్ కొట్టు నడుపుతున్నారు. ఈమధ్య స్క్రీన్ గార్డ్ వేయించుకోవడానికి వెళ్లినప్పుడు ఇదే అడిగాను.

"బాగా ఆడేవాడి వల్ల నాకేమీ మిగిలేది కాదురా. కానీ వాణ్ని చూడ్డానికి పదిమంది చేరేవాళ్లు. ఆ పదిమందీ తర్వాత తలో రూపాయి వేసేవాళ్లు. వాడే నాకు బోర్డు, వాడే నాకు మైకు" అన్నారు నవ్వుతూ.

ఇప్పటి స్ట్రీమర్ల బిజినెస్ కూడా ఇదే కదా! కాకపోతే బాబాయ్‌కి ఆ పేరు తెలియదు.

ఆ చెక్క డబ్బాలో ఏముండేది?

బయటికి చూస్తే రంగేసిన చెక్క డబ్బా, లోపల పాత మోడల్ పిక్చర్ ట్యూబ్, రెండు మూడు జాయ్‌స్టిక్‌లు. అసలు విషయం దాని వెనక ఉండే సర్క్యూట్ బోర్డు. 1985లో జపాన్ ఆర్కేడ్ తయారీదారుల సంఘం "జమ్మా" అనే వైరింగ్ స్టాండర్డ్ తెచ్చింది. 56 పిన్‌ల కనెక్టర్ ఒకటి ఉంటుంది. పాత గేమ్ బోర్డు పీకేసి కొత్తది తగిలిస్తే చాలు, డబ్బా మార్చకుండా గేమ్ మారిపోతుంది. ఈ నెల ముస్తఫా ఉన్న డబ్బాలో వచ్చే నెలకి ఇంకో ఫైటింగ్ గేమ్ కనపడటం వెనక రహస్యం ఇదే.

ముస్తఫా నడిచింది క్యాప్‌కామ్ వాళ్ల సీపీఎస్-1 రకం బోర్డు మీద. మోటరోలా 68000 ప్రాసెసర్, 384 బై 224 రిజల్యూషన్. దాని వేగం పది పన్నెండు మెగాహెర్ట్జ్. ఇప్పుడు మీ చేతిలో ఉన్న బడ్జెట్ ఫోన్ వేగాన్ని గిగాహెర్ట్జ్‌లో కొలుస్తాం. అయినా ఆ బోర్డు ముగ్గురు ప్లేయర్లనీ, స్క్రీన్ నిండా రౌడీలనీ, మధ్యలో డైనోసార్‌నీ ఒకేసారి నడిపించేది.

ఇందులో ఒక విషాదం కూడా ఉంది. ఈ గేమ్ బోర్డులో నకిలీలు తయారు కాకుండా సౌండ్ ప్రోగ్రామ్‌ని ఎన్‌క్రిప్ట్ చేశారు. దాన్ని విప్పే తాళంచెవి చిన్న బ్యాటరీ సాయంతో మెమరీలో నిలబడుతుంది. బ్యాటరీ అయిపోతే తాళంచెవి చెరిగిపోతుంది, బోర్డు పనిచేయదు. కలెక్టర్లు దీన్ని "సూసైడ్ బ్యాటరీ" అంటారు. ముప్పై ఏళ్లు దాటిన బోర్డులు ఇవి. చార్జ్ ఉండగానే బ్యాటరీ మార్చకపోతే, వాడినా వాడకపోయినా మూలన కూర్చునే చచ్చిపోతాయి.

నకిలీ బోర్డుల కథ వేరు. కాపీ కొట్టినవాళ్లు ఆ ఎన్‌క్రిప్షన్ సౌండ్ భాగాన్నే తీసేసి చవక చిప్‌లు పెట్టారు. సౌండ్ నాసిరకంగా వచ్చింది, కానీ ఆ తాళంచెవి గొడవే లేదు. కంపెనీ వేసిన తాళం ఒరిజినల్‌ని చంపుతుంటే, దొంగ బోర్డు మాత్రం హాయిగా బతికేసింది! ఈ గేమ్ ఒరిజినల్ సౌండ్‌ట్రాక్ మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు నాకు ఎక్కడో తేడా కొట్టింది. బహుశా మా షాపులో మోగింది నకిలీ బోర్డేమో.

షాపులు ఎందుకు మూతపడ్డాయి?

మొదటి దెబ్బ ప్లేస్టేషన్‌ది. 1997లో ఆర్కేడ్‌లోకి వచ్చిన టెక్కెన్ 3 నడిచిన బోర్డు, ప్లేస్టేషన్ హార్డ్‌వేర్ ఆధారంగా చేసిందే. మరుసటి ఏడాది అదే గేమ్ ఇంట్లో పెట్టుకునే ప్లేస్టేషన్‌కి వచ్చేసింది. ఒక కలర్ టీవీ, ఒక ప్లేస్టేషన్, రెండు కంట్రోలర్లు ఉంటే చాలు, షాపు పెట్టేయొచ్చు. పెద్ద డబ్బా, బోర్డులు, రిపేర్లు ఎవరికి కావాలి?

కానీ లెక్క ఇక్కడే మారింది. ఆ షాపుల్లో గంటకి ఇంత అని రేటు. మీకు ఆట వచ్చినా రాకపోయినా గంట గంటే. తర్వాత నెట్ సెంటర్లలో వైస్ సిటీ ఆడినప్పుడూ అంతే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక గేమ్ ఫోన్‌లోకే వచ్చేసింది. ఫోన్‌లో డౌన్‌లోడ్ ఫ్రీయే, కానీ సీన్ సీన్‌కీ యాడ్, లేదంటే గన్ స్కిన్‌కి డబ్బులు.

"రూపాయి ఆటలతో కరెంటు బిల్లు కూడా రాని రోజొచ్చిందిరా, ఇంక కట్టేశా" అన్నారు బాబాయ్. డబ్బా ఏం చేశారని అడిగితే, పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేశారట. బోర్డు ఎక్కడుందో ఆయనకే గుర్తులేదు.

ఇప్పుడు ఆర్కేడ్ ఎక్కడ బతికుంది?

మొదటిది మాల్. విజయవాడలో గానీ హైదరాబాద్‌లో గానీ పెద్ద మాల్‌కి వెళ్తే పై అంతస్తులో గేమ్ జోన్ ఉంటుంది. కాయిన్ బదులు రీచార్జ్ కార్డు. బాస్కెట్‌బాల్, ఎయిర్ హాకీ, బైక్ రేస్, టికెట్లిచ్చే మెషీన్లు ఎక్కువ. బాగున్నాయి, ఏసీ చల్లగా ఉంది, పిల్లలకి సరదా. కానీ గమనించండి: చాలా మెషీన్లలో ఆట నిమిషమో రెండు నిమిషాలో, తర్వాత దానంతట అదే ఆగిపోతుంది. మీరు ఎంత బాగా ఆడినా ఎక్కువ టికెట్లు వస్తాయేమో గానీ, ఎక్కువ సమయం రాదు. కార్డు మళ్లీ గీకాల్సిందే. ఓనరు వైపు నుంచి చూస్తే ఇది తప్పేమీ కాదు, మాల్ అద్దెలు అలా ఉంటాయి. కాకపోతే రూపాయితో నిలబడే కుర్రాడికి అక్కడ చోటు లేదు.

పిల్లలతో వెళ్లేవాళ్లకి ఒక మాట. 2024 మే 25న రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి పాతిక మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. కార్డు రీచార్జ్ చేయించే ముందు బయటికి వెళ్లే రెండో దారి ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.

రెండోది ఎగ్జిబిషన్. హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ 1938 నుంచి ఉంది. ఇలాంటి ఎగ్జిబిషన్లకీ, తిరునాళ్లకీ జనం జెయింట్ వీల్ కోసం, బెలూన్ షూటింగ్ కోసం ఇప్పటికీ వస్తారు. మాల్ కంటే పాత గేమ్ షాపు వాతావరణానికి ఇవే దగ్గర. తెలియని మనిషి పక్కన నిలబడి మీ గురి చూస్తాడు, తప్పితే నవ్వుతాడు.

మూడో మోడల్ మన దగ్గర నేనింకా చూడలేదు. అమెరికాలో చికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్‌లో గ్యాలపింగ్ ఘోస్ట్ అనే ఆర్కేడ్ 2010లో మొదలైంది. వందల కొద్దీ పాత మెషీన్లు ఉంటాయి. గేటు దగ్గర ఒకసారి టికెట్ కొంటే లోపల కాయిన్ అవసరం లేదు, రోజంతా ఆడుకోవచ్చు. చికాగో వైపు ఉన్న మన తెలుగువాళ్లు వీలైతే చూసి రండి.

ఆర్కేడ్‌కి పుట్టిల్లు లాంటి జపాన్‌లో కూడా కాలం మారింది. సెగా 2020లో తన ఆర్కేడ్ సెంటర్ల వ్యాపారంలో ఎక్కువ వాటా గెండా కంపెనీకి అమ్మేసింది, 2022లో మిగిలినదీ ఇచ్చేసింది. సెగా బోర్డులు ఉన్నచోట ఇప్పుడు గిగో అని కనపడుతుంది.

ముస్తఫాని ఇప్పుడు ఆడాలంటే?

ఇక్కడ చేదు నిజం ఒకటుంది. ఈ గేమ్‌ని డబ్బులిచ్చి కొనుక్కునే దారి లేదు. క్యాప్‌కామ్ 2018లో ఏడు పాత గేమ్‌లతో బీట్ ఎమ్ అప్ బండిల్ తెచ్చింది. ఫైనల్ ఫైట్, కెప్టెన్ కమాండో ఉన్నాయి, ఇది లేదు. కామిక్ హక్కులు వేరేవాళ్లవి, క్యాడిలాక్ పేరేమో జనరల్ మోటార్స్‌ది. ఇలాంటి లైసెన్స్ చిక్కులు విడిపోవడం తేలిక కాదు. కానీ ఆశ వదులుకోనక్కర్లేదు. అదే 1993లో, అదే తరహా బోర్డు మీద వచ్చిన ది పనిషర్ 2024లో మార్వెల్ కలెక్షన్‌లో భాగంగా మళ్లీ బయటికి వచ్చింది.

ఈలోగా ఈ గేమ్‌ని బతికిస్తున్నది మేమ్ అనే ఎమ్యులేటర్. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టారు, 2016లో ఓపెన్ సోర్స్ అయింది. పాత బోర్డు ఎలా పనిచేసేదో కోడ్ రూపంలో రాసి పెట్టడమే దాని అసలు ఉద్దేశం. ఎమ్యులేటర్ వాడటంలో తప్పులేదు, కానీ గేమ్ ఫైల్‌కి కాపీరైట్ ఉంటుంది, ఆ తేడా తెలుసుకుని అడుగెయ్యండి. యాపిల్ కూడా 2024 ఏప్రిల్‌లో యాప్ స్టోర్‌లోకి రెట్రో ఎమ్యులేటర్లని అనుమతించింది.

ఏ పాత ఆర్కేడ్ గేమ్ ఆడినా నా సలహా మూడే ముక్కలు. టచ్ స్క్రీన్ మీద ఆడకండి, మామూలు యూఎస్‌బీ కంట్రోలర్ అయినా సరే కొనండి. టీవీకి కనెక్ట్ చేస్తే గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గానీ దెబ్బ పడదు. స్క్రీన్‌ని అడ్డంగా సాగదీయకండి, పాత 4:3 సైజులోనే ఉంచండి, లేదంటే ముస్తఫా లావెక్కిపోతాడు.

నా తీర్పు

గేమ్‌ని ఎమ్యులేటర్ కాపాడింది. మెషీన్‌ని మాల్ కాపాడింది. ఆట వచ్చినవాడికి ఎక్కువసేపు దక్కే ఆ రూపాయి లెక్కని మాత్రం ఎవరూ కాపాడలేదు. నేను మిస్ అవుతున్నది గ్రాఫిక్స్‌ని కాదు, దాన్నే.

అందుకే మేం ముగ్గురు స్నేహితులం కలిసి ఒక చెక్క డబ్బా తయారు చేస్తున్నాం. లోపల రాస్‌ప్‌బెర్రీ పై, పాత మానిటర్, ముగ్గురికి సరిపడా జాయ్‌స్టిక్‌లు, లైసెన్స్ ఉన్న గేమ్‌లు. కాయిన్ స్లాట్ పెట్టం, ఓడినవాడు పక్కకి జరగాలన్నదొక్కటే రూల్. అయ్యాక బాబాయ్ కొట్టు ముందు పెడతాం, ఆయన ఒప్పుకున్నారు. పార్ట్స్ లిస్టు, అయిన ఖర్చు వేరే ఆర్టికల్‌లో రాస్తాను.

మీ ఊళ్లో ఎవరి గోడౌన్‌లోనైనా పాత గేమ్ డబ్బా దుమ్ము పట్టి ఉంటే, తూకానికి వెయ్యకముందు వెనక తలుపు తీసి బోర్డు ఫొటో తీయించండి. బ్యాటరీ సంగతి తెలిసిన మెకానిక్‌కి చూపించండి. అది ఒరిజినల్ అయితే దాని టైమ్ అయిపోవస్తోంది. నకిలీ అయితే, ప్లగ్ పెట్టి చూడండి. ముస్తఫా లేచి కూర్చున్నా ఆశ్చర్యం లేదు.