రెక్కలు రాకముందే అమ్మాలి

మాది హిందూపురం దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. మల్బరీ ఆకు కోసి తేవడం, పండిన పురుగుల్ని గూళ్లు కట్టే చంద్రికల మీదికి ఎక్కించడం, అవే మా వేసవి సెలవులు. ఇప్పుడు బడిలో సైన్సు చెబుతున్నాను. సీతాకోకచిలుకల్ని కూడా అలా పెంచుతారా మేడమ్ అని పిల్లలు అడుగుతుంటారు. పెంచుతారు, అమ్ముతారు కూడా.

కెన్యా సముద్రతీరాన అరబుకో-సొకోకే అనే అడవి ఉంది, 400 చదరపు కిలోమీటర్లకు పైనే. దాన్ని నరికి పొలాలు చేసుకుంటామని చుట్టుపక్కల వాళ్లు అడుగుతున్న రోజుల్లో, 1993లో, గేడే అనే చోట కిపెపియో అనే సీతాకోకచిలుకల పెంపకం పథకం మొదలైంది. ఊళ్లవాళ్లు అడవిలోంచి తల్లి సీతాకోకచిలుకల్ని తెచ్చి, వల కట్టిన గదుల్లో మొక్కల మధ్య వదులుతారు.

ఏ మొక్కలైనా సరిపోవు. తల్లి ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూస్తుంది, బిడ్డలకు పనికొచ్చేదైతేనే గుడ్డు పెడుతుంది. మన నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ, కరివేపాకు కావాలి. పక్కనే గోంగూర ఎంత పచ్చగా ఉన్నా దాని మొహం చూడదు. కాబట్టి ఈ రైతు ముందు పండించాల్సింది ఆకు. ఆ తర్వాత కాపలా. చీమలు, పక్షులు, గొంగళిపురుగు ఒంట్లోనే గుడ్లు పెట్టే కందిరీగలు, చాలావాటికి ఆ వలే అడ్డం.

గొంగళిపురుగు తిని, చర్మాలు విడిచి, చివరికి ప్యూపా అవుతుంది. అమ్మేది దాన్నే. మేము పట్టుగూళ్లు అమ్మితే దారం కోసం వాటిని ఉడకబెట్టేవారు, లోపలి పురుగు చచ్చేది. చిన్నప్పుడు ఆ సంగతి నాకు మింగుడుపడేది కాదు. కెన్యాలో లోపలి ప్రాణానికే ధర. ప్యూపా తినదు, ఎగిరిపోదు. దూదిలో సర్ది విమానంలో యూరప్ పంపుతారు. అక్కడి అద్దాల తోటల్లో వేలాడదీస్తే, రెక్కలు విచ్చడం చూడటానికి జనం టికెట్ కొనుక్కుని వస్తారు. చాలా జాతుల్లో ప్యూపా దశ ఒకటి రెండు వారాలే. ఆలస్యమైతే పెట్టెలోనే బయటికొచ్చి రెక్కలు పాడవుతాయి.

ప్రాణుల్ని అమ్మడమేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. తల్లులు రావాలంటే అడవి ఉండాలి. ఆ అడవి వల్ల ఊరికి నాలుగు డబ్బులు వస్తుంటే నాకు ఆ బేరంలో తప్పు కనిపించదు. మన దగ్గర మాత్రం చాలా జాతులకు 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, పట్టి అమ్మడం కుదరదు.

పిల్లలూ, అమ్మడానికి కాకపోయినా చూడటానికి మీరూ పెంచొచ్చు. మీ కరివేపాకు మొక్క మీద పిట్టరెట్టలా కనిపించే పురుగుంటే దులిపేయకండి, అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు కావచ్చు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే నారింజ రంగు కొమ్ములు చాచి వాసన కొడుతుంది, అంతే, ఏమీ చేయదు. కొమ్మకు దోమతెర గుడ్డ వదులుగా కట్టండి. ప్యూపాను కదపకండి. బయటికొచ్చాక రెక్కలు ఆరేదాకా వేలు పెట్టకుండా, గుడ్డ విప్పి వదిలేయండి. ఆ మొక్కకు పురుగుమందు కొట్టొద్దని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.