మూట్ కోర్టు ఉపన్యాసాల పోటీ కాదు

సంగం జాగర్లమూడిలో రైలెక్కి గుంటూరు లా కాలేజీకి వెళ్లే అమ్మాయి "రేపు మూట్ కోర్టు ఉంది, ఇంటికొచ్చేసరికి లేటవుతుంది" అంటే, అమ్మీ అబ్బాలకు అదేదో కాలేజీ ఫంక్షన్ అనిపించవచ్చు. కాదు, అది చదువే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూట్ కోర్టులకు 30 మార్కులున్నాయి. మూడు మూట్లు చేయాలి, ఒక్కోదానికి 10 మార్కులు. అందులో 5 రాతకు, 5 నోటి వాదనకు. అంటే సగం మార్కులు నోరు తెరవకముందే తేలిపోతాయన్నమాట.

పోటీలో ముందుగా ఒక కల్పిత కేసు ఇస్తారు. సాక్షులుండరు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు. జరిగినదాంట్లో తగాదా లేదు, దానికి చట్టం ఏం చెబుతుందన్నదే వాదన. పాత తీర్పులు వెతికి రెండు పక్షాలకూ వాదనలు రాసి ఇవ్వాలి. దాన్నే మెమోరియల్ అంటారు. ఆ తర్వాత జడ్జిల ముందు నిలబడాలి.

అసలు పరీక్ష అక్కడే. బట్టీ పట్టినది రెండు నిమిషాలు చెప్పగానే జడ్జి ఆపి ప్రశ్న వేస్తారు. జవాబు చెప్పి, మళ్లీ వదిలిన చోట అందుకోవాలి. స్కూల్లో ఉపన్యాసాలకు కప్పులు గెలిచినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

రెండు వైపులా వాదించడం మన పిల్లలకు కొన్నిసార్లు ఇబ్బందే. ఉదాహరణకు షాయరా బానో కేసునే తీసుకోండి. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లను 3-2 తేడాతో కొట్టేసింది. అది 25వ అధికరణం రక్షణ ఉన్న మత ఆచారమేనన్న ఇద్దరిలో జస్టిస్ అబ్దుల్ నజీర్ ఒకరు. ఆయనే 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అయ్యారు. సుప్రీంకోర్టు జడ్జిలే రెండుగా విడిపోయిన విషయమది. అలాంటిదాంట్లో తన మనసుకు నచ్చని పక్షాన్ని వాదించినంత మాత్రాన అమ్మాయి ఈమాన్‌కు వచ్చే లోటేమీ లేదు. రేపు ఎదుటి వకీలు ఏమంటాడో ముందే తెలుస్తుంది, అంతే.

ఇక ఇంగ్లిష్ భయం. పోటీలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే జరుగుతాయి. హైకోర్టు భాష కూడా అదే కాబట్టి తప్పించుకోలేం. కానీ జడ్జి చూసేది ఉచ్చారణ కంటే ముందు జవాబులోని పట్టునే. తెనాలి కోర్టులో కక్షిదారుతో మాట్లాడాల్సింది ఎలాగూ తెలుగులోనే, కొందరితో ఉర్దూలో. అందుకే ముందు వాదనను తెలుగులో చెప్పి చూసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడం మంచి పద్ధతి.

ప్రాక్టీసుకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఇషా తర్వాత ఓ అరగంట భాయీజానో, ఖాలానో జడ్జిలా కూర్చుని మధ్యమధ్యలో అడ్డు తగిలితే చాలు. వాళ్లకు చట్టం తెలియకపోతే మరీ మంచిది. "ఇది మాకర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అని అడిగేది వాళ్లే.