ట్యాంకు మీద అంటించిన కాగితం

పాత కార్వెట్ కొనేవాళ్లు ప్రకటన కంటే ముందు చదవాల్సింది ఇంకొకటి ఉంది

పాత కార్వెట్‌లో పెట్రోలు ట్యాంకు పైభాగం చూడాలంటే కారుని లిఫ్టు ఎక్కించాలి. వెనకాల కింద వేలాడే స్టెప్నీ తొట్టిని విప్పాలి. ట్యాంకుని పట్టుకుని ఉన్న ఇనుప పట్టీల బోల్టులు వదులు చేయాలి. యాభై ఏళ్లకు పైగా నీళ్లు, బురద, మంచు కాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు తిన్న బోల్టులు ఊరికే కదలవు. అన్నీ కలిసొచ్చి ట్యాంకు కిందికి దిగితే, దాని నెత్తిన గోధుమరంగుకి తిరిగిన కాగితం ఒకటి అంటుకుని ఉండొచ్చు. సగమే మిగిలి ఉండొచ్చు. అసలు లేకపోనూ వచ్చు. చదవడానికి వీలుగా ఉంటే మాత్రం, ఆ కారు ధరని ఒక్కోసారి ఇంజను కంటే, రంగు కంటే అదే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

‘అమెరికాలో ఉన్న మన పిల్లలు సెకండ్‌హ్యాండ్ కార్వెట్ గురించి అడుగుతున్నారు. ఎనిమిది తరాలూ రావాలి, గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి’ అన్నారు మా ఎడిటర్‌గారు. ఎనిమిది తరాలూ వస్తాయి. కానీ చదువుతూ, ఫొటోలు తెప్పించుకుంటూ పోయినకొద్దీ నన్ను వదలకుండా పట్టుకున్నది ఈ కాగితమే. అందుకే ఎక్కువ చోటు దానికిచ్చాను.

ఎవరి కోసం రాశారు?

1967 నాటికి షెవ్రొలే కంపెనీ కార్వెట్లన్నిటినీ మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలో తయారుచేసేది. ఆ ఒక్క మోడల్ సంవత్సరంలోనే 22,940 కార్లు. ఒకే లైను మీద ఒకదాని వెనక ఒకటి వస్తున్నా, ఏ రెండూ ఒకలా ఉండాలని లేదు. కొనేవాడు ఇంజను వేరేది అడగొచ్చు, గేర్‌బాక్సు వేరేది అడగొచ్చు, రేడియో వద్దనొచ్చు. ముందున్న కారుకి ఏం బిగించాలో కార్మికుడికి తెలియాలి కాబట్టి ప్రతి కారుకీ ఒక పత్రం ఉండేది. దాని ప్రతి ఒకటి ట్యాంకు మీద అంటించి పంపేవారు. దాన్నే ఇవాళ ట్యాంక్ స్టిక్కర్ అంటున్నారు. తర్వాత వచ్చిన మూడో తరం కార్లలోనూ ఇదే అలవాటు సాగింది.

దాని మీద గళ్లు గళ్లుగా చిన్న చిన్న కోడ్‌లు ఉంటాయి. ఎల్71 అంటే 427 ఘనపు అంగుళాల ఇంజను, అంటే ఏడు లీటర్లు, మూడు కార్బ్యురేటర్లు, 435 హార్స్‌పవర్. ఎం21 అంటే దగ్గర దగ్గర రేషియోలున్న నాలుగు గేర్ల పెట్టె. సీ60 అంటే ఏసీ. ఎన్14 అంటే కారు పక్కల నుంచి పోయే ఎగ్జాస్టు గొట్టాలు. కారు లైను దిగి బయటికి వెళ్లాక ఈ పత్రంతో ఎవరికీ పనిలేదు. చాలామంది యజమానులకి తమ ట్యాంకు మీద అలాంటిదొకటి ఉందన్న సంగతే తెలియకుండా ఏళ్లు గడిచాయి. పెట్రోలు ఆవిరి, చెమ్మ, ధూళి దాన్ని మెల్లగా తినేస్తూ వచ్చాయి.

ఈ కాగితానికి అంత విలువ ఎలా వచ్చిందో తెలియాలంటే విన్ నంబరు చూడాలి. మనం ఛాసిస్ నంబరు అంటామే, అది. 1967 కార్వెట్‌లో అది 19437తో మొదలైతే కూపే, 19467తో మొదలైతే టాపు తీసే కన్వర్టబుల్. తర్వాతి 7 సంవత్సరాన్ని చెబుతుంది. ఎస్ అంటే సెయింట్ లూయిస్. ఆపైన వరుస సంఖ్య. అంతే, ఇంజను ఊసే లేదు. 300 హార్స్‌పవర్ మామూలు కారుకీ, రేసుల కోసం చేసిన ఎల్88కీ నంబరులో తేడా కనిపించదు. ఇంజనుని చెప్పే అక్షరం విన్‌లోకి వచ్చింది 1972 మోడల్ నుంచే.

1967లో ఎల్71 ఇంజనుతో 3,754 కార్లు వచ్చాయి. ఎల్88తో వచ్చినవి 20. వాటిలో ఒకదాన్ని 2014లో ఆరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో బారెట్-జాక్సన్ వేలంలో 38.5 లక్షల డాలర్లకి కొన్నారు. అదే ఏడాది మోడల్ మామూలు కారుకి అందులో చిన్న వంతు కూడా రాదు. బయట నుంచి రెండూ దాదాపు ఒకటే. ఈ తేడా దగ్గరే మోసం పుడుతుంది.

ఇనుము మీద రాత

కాగితం పోయిన కార్లే ఎక్కువ. అప్పుడు చూడాల్సింది ఇంజను. బానెట్ ఎత్తి, డ్రైవరు పక్క సీటు వైపు, సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాకు మీద చిన్న చదునైన చోటు ఉంటుంది. అక్కడ అక్షరాలు గుద్ది ఉంటాయి. ఉదాహరణకి టీ0315జేఈ అని ఉందనుకోండి. టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఇంజను ఫ్యాక్టరీ. 0315 అంటే మార్చి 15న ఇంజను బిగింపు పూర్తయింది. 1967కి జేఈ అంటే ఎల్71. ఎల్88 అయితే ఐటీ అని ఉంటుంది. అదే చోట కారు వరుస సంఖ్య కూడా ఉండాలి, అది విన్‌తో కలవాలి. ప్రకటనల్లో ‘మ్యాచింగ్ నంబర్స్’ అని రాసేది దీని గురించే.

అక్షరాలు గుద్దే అచ్చులు ఎవరైనా సంపాదించగలరు. ఆ కాలపు వేరే బ్లాకు తెచ్చి, ఆ చోటు గీకి నున్నగా చేసి, కావలసిన అంకెలు గుద్దినవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే గీకినప్పుడు ఒకటి పోతుంది. ఫ్యాక్టరీలో ఆ ఉపరితలాన్ని చదును చేసిన యంత్రం సన్నటి సమాంతర గీతల్ని వదిలిపెట్టింది. వాటిని మళ్లీ అచ్చుగుద్దినట్టు తేవడం బహు కష్టం. అందుకే తెలిసినవాళ్లు ముందు అంకెల్ని కాదు, అంకెల కింద ఉన్న గీతల్ని చూస్తారు. ఆ చోటుని ద్రావకంతో, గుడ్డతో తుడవాలి. గరుకు కాగితం పెట్టి రుద్దితే సాక్ష్యం మన చేతుల్తోనే పోయినట్టు.

తర్వాత తేదీలు. బ్లాకు పోతపోసిన తేదీ దాని మీదే ఉబ్బెత్తుగా ఉంటుంది. నెలకి ఒక అక్షరం, ఆపై రోజు, సంవత్సరం. పోత ముందు జరగాలి, ఇంజను బిగింపు ఆ తర్వాత, కారు తయారీ ఆ తర్వాత. కారు పుట్టిన రోజు కంటే ఇంజను చిన్నదైతే ఇక మాట్లాడటానికి ఏమీ లేదు.

డాలస్ దగ్గర ప్లేనోలో ఉండే మా బావమరిది ఒక మూడో తరం కారు ప్రకటన పంపి ‘బావా, మ్యాచింగ్ నంబర్స్ అని రాశాడు, అడ్వాన్సు ఇచ్చేయనా?’ అని ఫోన్ చేశాడు. ‘ఆ చదును చోటు ఫొటో అడుగు, గీతలు కనపడేంత దగ్గరగా తీసి పంపమను. ట్యాంకు దింపారా అని కూడా అడుగు’ అన్నాను. ఫొటో రాలేదు, అడ్వాన్సూ వెళ్లలేదు.

నా అభిప్రాయం దాచుకోను. అమ్మడానికి రాసిన కాగితం కంటే, ఎవరికీ అమ్మే ఉద్దేశం లేకుండా రాసిన కాగితాన్నే నమ్ముతాను. ప్రకటన కొనేవాడి కోసం రాసింది. అమ్మేవాడు చూపించే రంగురంగుల ఫైలూ కొనేవాడి కోసం పేర్చిందే. ట్యాంకు మీది పత్రం పక్కనున్న కార్మికుడి కోసం రాసింది. అందులో అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆ రోజు ఎవరికీ లేదు. అలాగని కళ్లు మూసుకుని నమ్మేయమనడం లేదు. స్టిక్కర్లకీ నకళ్లు తయారవుతున్నాయి. కాగితం, ఇనుము, తేదీలు మూడూ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

ఇంకో మాట. ఆదివారం పూట తోలుకోవడానికే అయితే ఈ గొడవ అక్కర్లేదు. ఇంజను మార్చిన కారు తక్కువకి దొరుకుతుంది, రోడ్డు మీద అంతే బాగా పరిగెడుతుంది. అసలు ఇంజను ఉన్న కారుకి చెల్లించే అదనపు సొమ్ము రుజువుకి చెల్లించేది. రుజువు చూపకుండా ఆ సొమ్ము అడిగేవాడి దగ్గర కొనొద్దు.

ఎనిమిది తరాలు

1953లో మిషిగన్‌లోని ఫ్లింట్‌లో 300 కార్లతో మొదలు. అన్నీ తెల్లవే, లోపల ఎరుపు, ఆరు సిలిండర్లు, 150 హార్స్‌పవర్, ఫైబర్‌గ్లాస్ ఒళ్లు. 1955లో వీ8 వచ్చింది, ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ చేతిలో అది నిజమైన స్పోర్ట్స్ కారయింది. 1963లో రెండో తరం స్టింగ్ రే, వెనక అద్దం రెండుగా చీలిన కూపే ఆ ఒక్క ఏడాదే. 1968 నుంచి 1982 దాకా మూడోది. 1981లో ఫ్యాక్టరీ కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌కి మారింది. 1983 మోడల్ అమ్మకానికే రాలేదు, నాలుగోది 1984లో మొదలైంది. 1997లో ఐదు, 2005లో ఆరు, 2014లో ఏడు. 2020లో ఎనిమిది, ఇంజను డ్రైవరు వెనక్కి వెళ్లింది.

కొనేవాడికి పనికొచ్చేది ఇది. మూడో తరంలో 1975 నాటి మామూలు ఇంజను 165 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోయింది. పొగ నియమాలు ఒక కారణం, 1972 నుంచి హార్స్‌పవర్ లెక్కకట్టే పద్ధతి మారడం ఇంకో కారణం. అందుకే ఆ కాలపు కార్లు చవక. అందానికి లోటు లేదు, వేగం మీద ఆశ పెట్టుకోకూడదు. నాలుగో తరంలో 1992 నుంచి వచ్చిన ఎల్‌టీ1 ఇంజనుకి డిస్ట్రిబ్యూటరుని వాటర్ పంపు కిందే పెట్టారు. పంపు కారితే కూలెంటు నేరుగా దాని మీదే పడుతుంది. డిస్ట్రిబ్యూటరు మార్పించిన బిల్లు చూపించగలిగిన యజమాని దొరికితే ధరలో కాస్త ఎక్కువైనా తప్పులేదు. అదే తరంలో జడ్ఆర్-1 అని 6,939 ప్రత్యేక కార్లు వచ్చాయి. లోటస్ డిజైన్ చేసిన ఇంజనుని, పడవల మోటార్లు చేసే మెర్క్యురీ మెరైన్ ఒక్లహోమాలో బిగించింది. గొప్ప ఇంజనే. కానీ విడిభాగాల కోసం వేట తప్పదు.

నన్నడిగితే ఐదో తరం కొనమంటాను. 5.7 లీటర్ల ఎల్ఎస్1, అల్యూమినియం బ్లాకు, 345 హార్స్‌పవర్. గేర్‌బాక్సుని వెనక్కి జరిపి బరువుని ముందూ వెనకా సమంగా పంచారు. విడిభాగాలు దండిగా దొరుకుతాయి, ఏ ఊరి మెకానిక్‌కైనా ఆ ఇంజను తెలుసు. స్టీరింగు లాక్ పడిపోయే లోపానికి కంపెనీయే కార్లు వెనక్కి పిలిపించి సరిచేసింది, ఆ పని జరిగిందో లేదో అడగాలి. జడ్06 అనే వేగవంతమైన రకంలో 2002 నుంచి 405 హార్స్‌పవర్ ఉంటుంది, కారు మరీ బరువూ కాదు. ఆరో తరం జడ్06లోని ఏడు లీటర్ల ఎల్ఎస్7 ఇంజనుకి వాల్వ్ గైడ్లు అరిగిపోతాయన్న చెడ్డపేరుంది. హెడ్లు విప్పి కొలిచిన కాగితం ఉంటే సరే, లేదంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి. ఏడో తరంలో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ వణుకుతుందా అని నెమ్మదిగా పోతూ చూసుకోవాలి. ఎనిమిదో తరం ఇంకా కొత్తది, దాని జాతకం రాయడానికి తొందరపడను.

మూతల కింద సంతకాలు

2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున బౌలింగ్ గ్రీన్‌లోని నేషనల్ కార్వెట్ మ్యూజియం నేల కుంగి, ఎనిమిది కార్లు గోతిలో పడ్డాయి. ఆ వేళకి లోపల జనం లేరు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మూడు కార్లని మళ్లీ బాగుచేశారు. వాటిలో 1992 నాటి తెల్ల కన్వర్టబుల్ ఒకటి, అది కంపెనీ తీసిన పది లక్షలవ కార్వెట్. దాన్ని విప్పినప్పుడు లోపలి భాగాల మీద ఫ్యాక్టరీ కార్మికుల సంతకాలు కనిపించాయి. లైను మీద ఉన్నవాళ్లు తాము బిగించిన భాగాల మీద పేరు రాసి మూసేశారు. ట్యాంకు మీది పత్రమూ ఆ కోవలోదే. కొనేవాడు చూస్తాడని కాదు, తమ పని తాము చేసి, బిగించి, ముందుకు పంపేశారు.

పక్కపెట్టె: టైటిల్ చూశారా?

అమెరికాలో యాజమాన్య పత్రాన్ని రాష్ట్రమే ఇస్తుంది. దాన్ని టైటిల్ అంటారు. పెద్ద యాక్సిడెంటు అయినా, వరదలో మునిగినా దాని మీద ఆ ముద్ర పడాలి. రాష్ట్రం మారిస్తే ఆ ముద్ర జారిపోయేలా చేసే దళారులున్నారు. కాబట్టి ఒక రాష్ట్రం కాగితంతో సరిపెట్టుకోకుండా, జాతీయ టైటిల్ రికార్డుల్లో విన్ నంబరు వెతికించాలి. ఫైబర్‌గ్లాస్ ఒంటి మీద నీళ్ల మచ్చ కనిపించదు. సీట్ల కింది బోల్టులు, వైర్ల కనెక్టర్లు చూడాలి.

పక్కపెట్టె: తుప్పు పట్టని కారుకి తుప్పు

ఒళ్లు ఫైబర్‌గ్లాసే కానీ, రెండో, మూడో తరాల్లో లోపల ముందద్దం, తలుపుల చుట్టూ ఉక్కు చట్రం ఉంటుంది. తుప్పు అక్కడ. వెనక చక్రాలకి ముందు ఛాసిస్ పైకి వంగే చోట కూడా సుత్తితో తట్టి వినాలి. ముందు మడ్‌గార్డుల లోపలి వైపు, ఫ్యాక్టరీ భాగాల్ని కలిపిన అతుకు పట్టీలు కనపడాలి. లేవంటే ముందుభాగం మొత్తం ఎప్పుడో మార్చారన్నమాట.

పక్కపెట్టె: హైదరాబాద్ తేవచ్చా?

విదేశాల నుంచి వాడిన కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. వింటేజ్ కార్లకి నిబంధనలు వేరు. మొదటి ఏడు తరాల కార్వెట్లకి ఫ్యాక్టరీలో కుడి స్టీరింగు పెట్టలేదు, ఎనిమిదో తరంతోనే అది మొదలైంది. డాలస్‌లో కొన్న ఐదో తరం కారుని డాలస్‌లోనే తోలుకోవాలి.