నీతి, రక్షణ, ధర్మశాస్త్రం – మూడు మాటల వివాదం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో సాయంకాలం వేళ విద్యార్థుల మధ్య సాగే చర్చలు మాకు కొత్త కావు. అశోక్‌నగర్‌లో గది తీసుకొని ఉద్యోగ పరీక్షలకు చదివే ముస్లిం యువకుడూ, నారాయణగూడ బాప్టిస్టు చర్చికి వెళ్ళే యువకుడూ అక్కడ ఒకే బల్ల వద్ద కూర్చుంటారు. ఒకనాడు సంభాషణ మతం వైపు మళ్ళింది. తన రక్షణ తన సత్కార్యాల ఫలం కాదని క్రైస్తవ విద్యార్థి అన్నాడు. "అయితే పాపం చేసినా నీకు భయం లేదన్నమాట!" అని మనవాడు నవ్వాడు. ఆ నవ్వుతో చర్చ ఆగిపోయింది. స్నేహం కూడా కొంత సన్నగిల్లింది. మనవాడి ప్రశ్న తప్పు కాదు. సమాధానం వినకుండా నవ్వడమే తప్పు. ఆ సమాధానమేమిటో వివరించడమే మా ఉద్దేశం.

మొదటి చిక్కు మాటలలోనే ఉన్నది. సామాన్య వ్యవహారంలో నీతి అంటే సత్ప్రవర్తన. పౌలు లేఖలలో, ముఖ్యంగా ప్రొటెస్టెంటుల వివరణ ప్రకారం, నీతి అంటే దేవుని న్యాయపీఠం ఎదుట నిర్దోషిగా ఎంచబడటం. రక్షణ అంటే పాపం నుండి, దాని శిక్ష నుండి విముక్తి. ధర్మశాస్త్రం అనగానే మనకు మనువు స్ఫురిస్తాడు. అక్కడ అది హజ్రత్ మూసా ద్వారా ఇస్రాయేలీయులకు అందిన శాసనం. ఉర్దూ బైబిలులో ఈ మూడూ రాస్త్‌బాజీ, నజాత్, షరీఅత్. షరీఅత్ అన్న మాట వినగానే ముస్లిం విద్యార్థి తన నమాజునూ రోజానూ తలచుకొంటాడు. కాని పౌలు ఎదుట ఉన్న ప్రశ్న వేరు: యూదులు కాని విశ్వాసులు సున్తీ పొంది మూసా శాసనాన్ని శిరసావహించాలా? వారికి సున్తీ అవసరం లేదని యెరూషలేము సభ నిర్ణయించినట్లు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చెబుతుంది.

ఇక మనకూ వారికీ పూజ్యుడైన హజ్రత్ ఇబ్రాహీం ఉదాహరణ చూద్దాం. సున్తీకి పూర్వమే ఆయన విశ్వాసం నీతిగా ఎంచబడిందని పౌలు వాదించాడు. అదే ఇబ్రాహీం కుమారుని బలికి సిద్ధపడిన ఘట్టాన్ని చూపి, క్రియలు లేని విశ్వాసం నిర్జీవమని యాకోబు వ్రాశాడు. పౌలు వేరును చూపాడు, యాకోబు ఫలాన్ని చూపాడు అని పలువురు క్రైస్తవ పండితులు సమన్వయిస్తారు. మనవాడు నవ్వుతూ వేసిన ప్రశ్నను పౌలు తానే రోమీయులకు వ్రాసిన లేఖ 6వ అధ్యాయంలో వేసుకొని, కృప పాపానికి అనుమతి కాదని ఖండితంగా చెప్పాడు.

అయితే మూసా శాసనంలో నేడు ఏది నిలిచి ఉన్నది? బలులు, శుద్ధి నియమాలు క్రీస్తులో నెరవేరాయనీ, పది ఆజ్ఞలలోని నైతిక ధర్మం శాశ్వతమనీ అధిక సంఖ్యాకుల మతం. విశ్రాంతి దినం శనివారమేనని సెవెంత్‌డే అడ్వెంటిస్టులు పట్టుబడతారు. రక్షణ విషయంలోనూ 1517లో లూథరు లేవనెత్తిన వివాదం పాశ్చాత్య క్రైస్తవాన్ని చీల్చింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ నగరంలో కథోలికులు, లూథరనులు ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశారు: అంగీకారం కృప వల్లనే, సత్కార్యాలు దాని ఫలాలు. 2006లో మెథడిస్టులు దానికి సమ్మతి తెలిపారు.

మన విశ్వాసం వేరు. ఒకరి పాపభారం మరొకరు మోయరని ఖురాన్ బోధ. కనుక ప్రాయశ్చిత్త సిద్ధాంతాన్ని మనం అంగీకరించం. ఈమాన్‌ను, సత్కర్మను ఖురాన్ పదేపదే జంటగా చెబుతుంది. అయినా కేవలం తన కర్మల బలంతో ఎవరూ స్వర్గం చేరరని, అల్లాహ్ కారుణ్యమే ఆధారమని ప్రవక్త బోధించినట్లు బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉన్నది. క్రియలు ఉండగా కృప ఎందుకని మనలను అడిగితే మనమూ వివరించవలసినవారమే.

భేదాన్ని దాచనక్కరలేదు. కాని ఎదుటివాడు "అవును, నా విశ్వాసం ఇదే" అని ఒప్పుకొనేటట్లు అతని మాటను ముందుగా చెప్పగలగాలి. ఆ తరువాతనే ఖండించే అధికారం వస్తుంది. అటువంటి చర్చ ముగిశాక కూడా ఆ ఇద్దరు మిత్రులు మరునాడు అదే బల్ల వద్ద కూర్చోగలరని మా నమ్మకం.