కిటికీ పిడి మార్చేముందు

కిటికీ పిడి గురించి ఇంత పొడుగున ఏమి వ్రాస్తారని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాడిని. మన పల్లెల్లో కిటికీ అంటే రెండు చెక్క రెక్కలు, నిలువు చువ్వలు, లోపల ఒక గడియ, గాలికి కొట్టుకోకుండా ఒక కొక్కెం. గడియ ఊడితే వడ్రంగి వచ్చి, పాత రంధ్రాల ప్రక్కనే మరో రెండు వేసి బిగించి పోతాడు. అందులో ఎన్నుకోవలసినది ఏముంది? అయితే 2023 నవంబరులో ఇంగ్లాండులోని లెస్టర్ పట్టణంలో మా మేనకోడలి ఇంట్లో కొన్నాళ్లు ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతి నా ఆలోచనను మార్చింది. మన కుటుంబాలలో అనేకుల పిల్లలు అటువంటి దేశాలలో కాపురముంటున్నారు. మనవలను చూసుకోవడానికి తల్లులు అక్కడికి వెళ్తున్నారు. గనుక ఈ సంగతి మీకూ పనికివస్తుందని వ్రాస్తున్నాను.

మా మేనకోడలు అక్కడి ఆసుపత్రిలో నర్సు. మనవడి కోసం మా అక్క ఆరు నెలల వీసా మీద వెళ్లింది. మేడమీద వెనుక గదిలో అక్కా, నాలుగేళ్ల మనవడూ పడుకుంటారు. ఒక సాయంత్రం అక్క పప్పులోకి ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టింది. ఆ పొగకు, వరండా పైకప్పుకు బిగించిన పొగ గంట చెవులు చిల్లులు పడేటట్టు మ్రోగింది. అల్లుడు క్రింది కిటికీలు తెరిచాడు. నేను మేడమీదికి వెళ్లి వెనుక గది కిటికీ తెరవబోతే పిడి కదలలేదు. పిడి మీద చిన్న తాళపు రంధ్రం ఉంది. చెవి మాత్రం లేదు.

"ఇల్లు కొన్నప్పటినుండీ అంతే మామయ్యా. పాతవాళ్లు చెవి ఇవ్వలేదు, మేమూ అడగలేదు," అంది మా మేనకోడలు.

"అదే మంచిదయింది. లేకపోతే పిల్లోడు మంచమెక్కి తెరిచి తొంగిచూడడూ?" అంది అక్క.

పొగ ఐదు నిమిషాల్లో పోయింది, పప్పూ తిన్నాము. కానీ నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆ ఇంటికి మెట్లు ఒక్కటే. ఆ మెట్లు దిగేది వంటగది వాకిట్లోకి. నిజంగానే వంటగదిలో మంట లేస్తే అక్కా, పిల్లవాడూ ఎటు రావాలి?

అద్దం పగులగొట్టుకొని రావచ్చు గదా అంటారా? అదంత తేలిక కాదు. చలిదేశాల్లో కిటికీకి ఒక అద్దం కాదు, రెండు అద్దాలుంటాయి. వాటి మధ్య వేలెడు మందాన ఖాళీ వదిలి, అంచులు గాలి దూరకుండా మూసివేస్తారు. ఆ ఖాళీలో గాలిగాని ఆర్గాన్ అనే వాయువుగాని ఉంటుంది. ఈ మధ్యకాలపు కిటికీల్లో రెండు అద్దాలూ నడుమ ఖాళీ కలిపి తరచుగా 28 మిల్లీమీటర్ల మందం వస్తుంది. లోపలి వేడి బయటికి పోకుండా, వీధి చప్పుడు తగ్గేటట్టు చేసిన ఏర్పాటు ఇది. పొగలో, చీకట్లో, చంకలో బిడ్డనెత్తుకొని ఒక ముసలమ్మ ఈ రెండు అద్దాలనూ పగులగొట్టి, పెంకులు గుచ్చుకోకుండా దాటి రావాలంటే అయ్యే పనేనా? ఇంగ్లాండు భవన నిబంధనల్లో తప్పించుకునే కిటికీకి ఒక కొలత చెప్పారు. తెరుచుకునే జాగా కనీసం 0.33 చదరపు మీటరు ఉండాలి, ఎత్తుగాని వెడల్పుగాని 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, దాని అడుగు అంచు నేలనుండి 1100 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మరునాడు టేపుతో కొలిచి చూశాము. ఆ గది కిటికీ ఈ కొలతలన్నిటికీ సరిపోయింది. సరిపోనిది ఆ పిడి ఒక్కటే.

ప్రక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. సంగతి విని డబ్బా నిండా పాత చెవులు పట్టుకొచ్చాడు. ఒకే రకం పిడులకు చాలాసార్లు ఒకే చెవి సరిపోతుందట. నాలుగవ చెవికి తాళం తిరిగింది. మేమంతా చప్పట్లు కొట్టాము. అయితే పిడి మెడ దగ్గర లోహం నెర్రె విచ్చి ఉంది, రేపో మాపో విరిగేటట్టుంది. కొత్తది తేవాలని అల్లుడు ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లాడు. తెల్లది, చూడ చక్కనిది, పది పౌండ్లలోపే దొరికింది. బిగించి, కిటికీ మూసి, త్రిప్పాడు. పట్టుకుంది. మళ్లీ తెరవబోతే పిడి గిర్రున తిరుగుతోందేగాని కిటికీ రావడం లేదు! ముందు చెవి లేక తెరుచుకోలేదు, ఇప్పుడు పిడి ఉండీ తెరుచుకోలేదు.

తప్పు ఎక్కడ జరిగింది? మనం చేతితో పట్టుకునే భాగం చూసి పిడిని కొంటాము. కిటికీ చూసేది మాత్రం లోపలికి వెళ్లే భాగాన్ని. ఎక్కువ కిటికీల్లో పిడి వెనుక నలుచదరపు ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని స్పిండిల్ అంటారు. అది రెక్క లోపల దాగి ఉన్న గేరుపెట్టె రంధ్రంలోకి దూరి, దాన్ని త్రిప్పుతుంది. గేరుపెట్టె పైకీ క్రిందికీ ఉన్న పట్టీలను జరిపి, రెండు మూడు చోట్ల ఒకేసారి గడియ వేస్తుంది. ఈ కడ్డీ మందం సాధారణంగా 7 మిల్లీమీటర్లు. రెండు స్క్రూల నడుమ దూరం 43 మిల్లీమీటర్లు. ఈ రెండూ చాలా పిడులకు ఒకటే గనుక ఏ పిడైనా బిగుసుకుంటుంది, మోసపోయేది అక్కడే. కడ్డీ పొడవు మాత్రం ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క తీరు, 10 మొదలుకొని 50 మిల్లీమీటర్ల పైదాకా ఉంటుంది. మా పాత పిడి కడ్డీ 40, అల్లుడు తెచ్చినది 30. ఆ పొట్టి కడ్డీ కొన గేరును అంటీ అంటనట్టు పట్టుకుంది. ఒకసారి త్రిప్పింది, రెండవసారి జారింది. కొత్త పిడి ఊడదీసి, పాత పిడి కడ్డీనే రంధ్రంలో పెట్టి త్రిప్పి ఎలాగో తెరిచాము. పాతదాన్ని చెత్తలో పడవేయకపోవడం మా అదృష్టం.

అందుచేత మీ పిల్లలకు నేను చెప్పేది ఇది. పాత పిడి ఊడదీయకుండా దుకాణానికి పోవద్దు. కిటికీని ముందు తెరిచిపెట్టండి. పిడి పాదం మీద ప్లాస్టిక్ మూత ఉంటే గోటితో లేపండి, దాని క్రింద ఒక స్క్రూ కనబడుతుంది. రెండవది చాలాసార్లు పిడిని అడ్డంగా త్రిప్పినప్పుడే బయటపడుతుంది. ఊడిన తరువాత పిడి పాదం అడుగునుండి కడ్డీ కొన వరకు కొలవండి. సరిగ్గా ఆ కొలత దొరకకపోతే కొంచెం పొడుగుది కొని, ఇనుప రంపంతో కోసుకోవచ్చు. పొట్టిదాన్ని మాత్రం పొడుగు చేయలేరు. పొడుగుది కోయకుండా బిగిస్తే పాదం చట్రానికి ఆనదు, కొన్నాళ్లకు స్క్రూలు వదులవుతాయి.

పిడి ఊడదీసినప్పుడే ఇంకొకటి చూడాలి. కడ్డీని గేరు రంధ్రంలో పెట్టి చేతితో త్రిప్పండి. తేలికగా తిరిగితే లోపం పిడిదే. బిగుసుకుపోయి ఉంటే లోపం గేరుపెట్టెది. అప్పుడు ఎంత ఖరీదు పెట్టి పిడి కొన్నా అది కూడా విరుగుతుంది. నలుగురు నాలుగు పిడులు మార్చి, చివరికి గేరుపెట్టెకు నాలుగు చుక్కల నూనె వేస్తే బాగుపడిన ఇళ్లు ఉన్నాయి. క్రొత్త పిడి బిగించాక రెక్క తెరిచి ఉండగానే రెండు మూడుసార్లు త్రిప్పి, గడియలు కదులుతున్నాయని కంటితో చూసి, అప్పుడే మూయండి. మా అల్లుడు మానివేసినది ఈ ఒక్క పనే.

అన్ని కిటికీలకూ కడ్డీ ఉండదని కూడా తెలుసుకోవాలి. కాస్త పాత కిటికీల్లో కాక్‌స్పర్ అనే రకం ఉంటుంది. దాని ముక్కు చట్రం మీద ఎక్కి కూర్చుంటుంది, లోపల ఏమీ తిరగదు. దానికి కొలవవలసినది పాదం అడుగునుండి ముక్కు అడుగు వరకు ఎత్తు. ఇంకొక రకం కిటికీ, పిడిని ఒక వైపు త్రిప్పితే తలుపులాగా, మరొక వైపు త్రిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలుతూ తెరుచుకుంటుంది. దానికి దాని పిడే వేయాలి. ఇక పిడి మెడ తిన్నగా ఉన్నదా, ఒక ప్రక్కకు వంగి ఉన్నదా చూడాలి. వంగినదైతే ఎడమది కుడిది వేరు. కిటికీ మూసి ఉండగా లోపలినుండి ఫోటో తీసుకొని వెళ్లి, పాత పిడినీ చూపితే తగాదా ఉండదు. రంగు సంగతి నేను చెప్పను, అది ఇల్లాలి ఇష్టం.

సరే, 40 మిల్లీమీటర్ల పిడి ఆన్‌లైనులో దొరుకుతుందన్నారు. అసలు తగవు అప్పుడు వచ్చింది. తాళం ఉన్నది తెప్పించాలా, లేనిదా?

"తాళం ఉన్నదే కావాలి. చెవి నా కొంగున కట్టుకుంటాను," అంది అక్క.

"అమ్మా, రాత్రి మంట లేస్తే కొంగు ముడి విప్పుతూ కూర్చుంటావా?" అంది కూతురు.

"పగలు పిల్లోడు పడితే నువ్వు వచ్చి పట్టుకుంటావా, డ్యూటీ వదిలేసి?"

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. నేను నోరు మెదపలేదు. మేనకోడలే కాసేపు ఊరుకొని, తమ ఆసుపత్రిలో రోగులుండే గదుల కిటికీల గురించి చెప్పింది. అక్కడ కిటికీ 100 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోకుండా రెస్ట్రిక్టర్ అనే ఆపుడు బిగిస్తారట. గాలి వస్తుంది, మనిషి పడడు. ఇంటి కిటికీకి బిగించేవాటిలో పెద్దవాళ్లు నొక్కితే విడిపోయి, రెక్క పూర్తిగా తెరుచుకునే రకాలు ఉన్నాయి. తాళంచెవితో విడిపోయేవీ ఉన్నాయి, కానీ అవి మళ్లీ ఆ చెవి గొడవే. గనుక ఆ గదికి తాళం లేని పిడి, దానితో నొక్కితే విడిపోయే ఆపుడు అని తేల్చుకున్నారు. క్రింది అంతస్తు కిటికీలకు మాత్రం తాళం ఉన్న పిడులే ఉంచారు. దొంగల భయమొకటి, ఇంటి బీమా ఇచ్చేవారు కొందరు ఆ షరతు పెడతారు అన్నది మరొకటి. ఆ చెవులు కిటికీ ప్రక్కనే, బయటివాడి చేతికీ పిల్లవాడి చేతికీ అందని ఎత్తులో మేకుకు తగిలించి, ఇంట్లో అందరికీ చూపించారు. అద్దె ఇల్లైతే ఈ పనులకు ముందు యజమానిని అడగాలి. ఆపుడు బిగించడానికి అద్దం ప్రక్కనే డ్రిల్లు పెట్టాలి గనుక అది పనివాడి చేత చేయించడం మేలు.

ఇక మన ఊళ్ల మాట. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో, చిన్న పట్టణాల్లో కూడా యుపివిసి కిటికీలు పెడుతున్నారు. రోడ్డు ప్రక్క ఇళ్లవారు రెండు అద్దాలవి కూడా పెట్టించుకుంటున్నారు. వాటి పిడులు కూడా చాలావరకు ఈ కడ్డీ రకానివే. కాబట్టి కొలత పద్ధతి అదే. అయితే మనం ఆ కిటికీకి కదలని ఇనుప గ్రిల్లు కూడా బిగిస్తాము. అప్పుడు పిడి ఎంత మంచిదైనా అటునుండి బయటపడే దారి లేదు. పిల్లలు పంపిన డబ్బుతో ఇల్లు కట్టుకునేవారు మేడమీద పడకగదిలో ఒక్క గ్రిల్లునైనా బందులు పెట్టి తెరుచుకునేటట్టు చేయించండి. దొంగ గురించి ఆలోచించినంత మనం మంట గురించి ఆలోచించము.

లెస్టర్‌లో ఆ పని అంతటితో అయిపోలేదు. పనివాడు వచ్చి పిడీ, ఆపుడూ బిగించి వెళ్లాడు. మేనకోడలు నొక్కితే ఆపుడు విడిపోయింది, అల్లుడు నొక్కినా విడిపోయింది. అక్క వంతు వచ్చింది. ఆమెకు చేతి వేళ్ల కీళ్లనొప్పులు. రెండు చేతులా నొక్కింది, మొహం ఎర్రబడిందేగాని మీట కదలలేదు. "రాత్రి ఆ గదిలో ఉండేది నేను కదరా," అంది నా వైపు తిరిగి. పాపం, అంతవరకు ఆమె చేతులను ఎవరమూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఆపుడు ఊడదీయించి, బొటనవ్రేలితో జరిపితే విడిపోయే మెత్తని రకం, పిల్లవాడికి అందకుండా రెక్క పై అంచున బిగించేది తెప్పించారు. దానికి మరో వారం పట్టింది.

అది వచ్చిన రాత్రి మా మేనకోడలు గదిలో దీపం ఆర్పి, "అమ్మా, ఇప్పుడు తెరువు," అంది. చీకట్లో అక్క మంచం అంచు తడుముకుంటూ లేచింది, పిడి దొరకబుచ్చుకొని త్రిప్పింది, పైకి చెయ్యి చాపి ఆపుడు జరిపింది. రెక్క బార్లా తెరుచుకొని, చలిగాలి ఒక్కసారిగా మా మొహాలమీద కొట్టింది. మనవడు దుప్పటిలోనుండి, "అమ్మమ్మా, మూసెయ్," అని అరిచాడు.

"ఉండరా, ఇంకొకసారి చూడనీ," అంది అక్క.