లోహం కుదించుకొనును, అలోహం విస్తరించును

గత వేసవిలో మా పొరుగు క్వార్టరులోని ఇంటర్మీడియట్ విద్యార్థిని పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. “అంకుల్, సోడియం పరమాణువు క్లోరిన్ పరమాణువు కంటే పెద్దదని ఈ పేజీలో ఉంది. ఉప్పులో మాత్రం క్లోరైడే పెద్దదని వెనక పేజీలో ఉంది. ఏది నిజం?” అని అడిగింది. రెండూ నిజమే. అయితే మూడు దశాబ్దాలుగా లోహాలతో పనిచేస్తున్న మాకు సైతం కారణం చెప్పుటకు కొంత తడబాటు తప్పలేదు. ఆ సాయంత్రం ఆమెకు చెప్పిన దానినే మన పాఠకుల ముందు ఉంచుతున్నాము.

పరమాణువులను కొలుచుటకు పికోమీటరు అనువైన ప్రమాణం. మీటరులో లక్ష కోట్లవ వంతు ఒక పికోమీటరు. ఆవర్తన పట్టిక 3వ పీరియడులో ఎడమ నుండి కుడికి నడిస్తే సోడియం వ్యాసార్ధం 186, మెగ్నీషియం 160, అల్యూమినియం 143 పికోమీటర్లు; చివరకు క్లోరిన్ 99 మాత్రమే. లోహానికి, అలోహానికి కొలిచే పద్ధతి కొంత వేరైనా, తగ్గుదల మాత్రం వాస్తవం. కొత్త ఎలక్ట్రానులు అదే 3వ కర్పరంలో చేరుతుండగా, కేంద్రకంలోని ప్రోటానులు 11 నుండి 17కు పెరుగుతాయి. ఆకర్షణ పెరిగి పరమాణువు బిగుసుకుంటుంది.

అయానుగా మారినప్పుడు కథ తిరగబడుతుంది. సోడియం తన వెలుపలి కర్పరంలోని ఏకైక ఎలక్ట్రానును వదలగానే ఆ కర్పరమే ఖాళీ అవుతుంది. మిగిలిన 10 ఎలక్ట్రానులను 11 ప్రోటానులు గట్టిగా లాగుకుంటాయి. వ్యాసార్ధం 102కు పడిపోతుంది. క్లోరిన్ ఒక ఎలక్ట్రానును స్వీకరిస్తుంది. 18 ఎలక్ట్రానులను 17 ప్రోటానులే పట్టి ఉంచాలి. ఎలక్ట్రానుల పరస్పర వికర్షణ పెరిగి వ్యాసార్ధం 181కి చేరుతుంది. ఇచ్చినవాడు చిక్కిపోయాడు, పుచ్చుకున్నవాడు బలిశాడు!

ఈ కొలతలు పరీక్షల కొరకే కావు. మన కొలిమి లోపలి ఇటుకలలోని మెగ్నీషియాలో అయానుల అమరిక ఉప్పులో వలెనే ఉంటుంది. కాని మెగ్నీషియం అయాను వ్యాసార్ధం 72, ఆక్సైడు అయానుది 140. ఉప్పులో అయాను కేంద్రాల నడుమ దూరం 282 పికోమీటర్లు కాగా, ఇక్కడ 211 మాత్రమే. పైగా ఒక్కొక్క అయానుపై ఆవేశం రెట్టింపు. అందువలననే ఉప్పు 801 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగగా, మెగ్నీషియా 2800 డిగ్రీలు దాటినగాని కరుగదు.

ఉక్కు విషయంలో అయానులు కాక పరమాణువుల పరిమాణమే ముఖ్యం. ఇనుము వ్యాసార్ధం సుమారు 126. అలోహమైన కార్బన్‌ది 77. ఇనుప పరమాణువుల సందులలో కార్బన్ ఇరుక్కుని ఉక్కుకు బలమిస్తుంది. దానికంటె చిన్నది హైడ్రోజన్, సుమారు 37. అది ఇరుక్కొని ఆగదు. చల్లారిన ఉక్కులో సైతం సంచరిస్తుంది. దాని సంగతి మేము పుస్తకంలో కాక పనిలోనే నేర్చుకున్నాము.

చాలా ఏళ్ల క్రితం ఒక నిర్మాణ స్థలంలో, వానకాలంలో, క్రేను గిర్డరు అతుకొకటి వెల్డింగు చేయించాము. పైకి చక్కగా ఉన్నది. ఎలక్ట్రోడ్లను ఓవెనులో ఆరబెట్టినట్లు రిజిస్టరులో నమోదు లేదు. అది చూడకుండానే మేము సంతకం చేశాము. మూడవ నాడు అల్ట్రాసోనిక్ పరీక్షలో అతుకు ప్రక్కన పగులు బయటపడింది. ఎలక్ట్రోడు పూతలోని తేమ ఆర్కు వేడికి విడిపోయి హైడ్రోజన్ ద్రవలోహంలో కరిగింది; చల్లారిన తరువాత నెమ్మదిగా కదిలి, గట్టిపడి ఒత్తిడితో ఉన్న చోట చేరి, ఉక్కును చీల్చింది. అతుకు తొలిచి, పలకను ముందుగా వేడిచేసి, ఆరబెట్టిన ఎలక్ట్రోడ్లతో తిరిగి వెల్డింగు చేయించాము. ఆ పరీక్ష జరగకపోయి ఉంటే, ఆ గిర్డరు క్రింద పనిచేయవలసినవారు మా సహోద్యోగులే.

అందుచేత యువ మిత్రులకు మా మనవి ఒక్కటే. తయారీదారు చెప్పిన వేడిలో, చెప్పినంతసేపు ఎలక్ట్రోడ్లను ఆరబెట్టండి. ఇటువంటి అతుకులకు తుది పరీక్ష 48 గంటలు ఆగి చేయమనుటలోని అంతరార్థం కూడ ఇదే. కంటికి కనబడని కొలత అని ఉపేక్షించరాదు.

అంతా విన్న ఆ అమ్మాయి, “అయితే రిజిస్టరు చూడకుండా సంతకం పెట్టకూడదన్నమాట, అంకుల్!” అన్నది. రసాయనశాస్త్రంతో పాటు ఆమె అసలు పాఠం కూడ గ్రహించినందుకు మేము ఎంతో సంతోషించాము.